వంతెన దాటితే

లోర్నా హాస్కెట్ ఏదో పెద్ద ఎత్తే వేస్తోందని, ఎదురింటి నెట్టీ జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళినచోట చెప్పిందట. లోర్నా ఇంటి కర్టెన్లు తెరిచి చాలా రోజులైందట. కారు వాకిట్లోంచి కదల్లేదట. వంటింట్లో దీపం మాత్రం పగలూ రాత్రీ వెలుగుతూనే ఉందట.

"ఎన్నికలు ముంచుకొస్తుంటే గవర్నర్‌గిరీకి నిలబడ్డ మనిషి తలుపేసుకుని కూర్చుంటుందా? గొంతు పోయిందని వాళ్ళ పార్టీవాళ్ళు కబుర్లు చెబుతున్నారు. లోర్నాకి గొంతు పోవడమేమిటమ్మా! గోతికాడ నక్కలా కాచుక్కూచుంది."

ఆ మాట నోళ్ళు మారి, డ్రైవర్ క్లైడ్ చెవిన పడి, పొద్దుగూకేలోగా గవర్నర్ ఆర్లో ప్రెంటిస్ దగ్గరికి చేరింది.

"నాకు తెలుసు," అన్నాడు ఆర్లో, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూ. "నేను వంతెన ఎప్పుడు దాటతానా అని చూస్తోంది."

మా రాష్ట్రంలో ఓ పాత చట్టం ఉంది. గవర్నర్ పొలిమేర దాటితే, తిరిగొచ్చేదాకా ఉప గవర్నరే గవర్నర్. మా దగ్గర ఇద్దర్నీ జనమే విడివిడిగా ఓట్లేసి ఎన్నుకుంటారు. ఆ ఉప గవర్నర్ లోర్నాయే. ఇప్పుడు ఆయన మీదే పోటీకి దిగింది.

కిందటేడు ఆర్లో చేపలు పట్టడానికని నది దాటి అవతలి రాష్ట్రానికి వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి, ఆయన మూయించిన పల్లె బడులన్నీ మళ్ళీ తెరవమని లోర్నా సంతకం పెట్టేసింది. మర్నాడే కొట్టేశాడనుకోండి. కానీ పేపర్లవాళ్ళు నెల్లాళ్ళు నవ్వారు. అప్పట్నుంచీ ఆయన నది దాటలేదు.

ఇప్పుడు దాటాల్సిన పని పడింది. అన్న ఎమ్మెట్ అవతలి ఒడ్డున ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. తండ్రి పోయాక చదువు మానేసి, మొక్కజొన్న చేలల్లో పడి తమ్ముణ్ణి లాయరు చదివించింది ఆ అన్నే. ఆయనకి ఒకప్పుడు లోర్నాతో పెళ్ళి కుదిరింది. తాగుబోతు కూతురు మనింటికా అని చెడగొట్టింది ఆర్లో. ఎమ్మెట్ మరి పెళ్ళి చేసుకోలేదు. ఆ కసితోనే లోర్నా తమ్ముడి కుర్చీకి ఎసరు పెట్టిందని ఊళ్ళో అందరూ అనేదే.

చెల్లెలు వెల్మా ఫోన్ చేసింది.

"అన్నయ్య నిన్నే అడుగుతున్నాడు. ఒక్కసారి మొహం చూపించి పో."

"ఓట్లవగానే వస్తాను."

"అందాకా ఉండడు ఆర్లో."

"దగ్గరెవరున్నారు?"

"తోడు మనిషి ఉందిలే. ఒక్క క్షణం కూడా వదలదు. అసలు నీకో మాట చెప్పాలి, విను ముందు..."

"నీకు రాజకీయాలు తెలీవు వెల్మా!"

ఫోన్ పెట్టేశాడు. మంచి నర్సే దొరికిందని కాస్త నిమ్మళించాడు. ఆ నిమ్మళం కాఫీ చల్లారేదాకా కూడా నిలవలేదు. లేచి కోటు తొడుక్కున్నాడు.

"వంతెన దగ్గరికి పోనీ," అన్నాడు క్లైడ్‌తో.

వంతెన నడిమధ్యన రాష్ట్రం సరిహద్దు బోర్డు ఉంటుంది. దానికి కాస్త ఇవతలే కారు ఆపించాడు. దిగాడు. అవతల ఆసుపత్రి కిటికీలు ఎండకి మెరుస్తున్నాయి. వాటిలో ఏది అన్నదో తెలీదు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఎక్కాడు. మళ్ళీ దిగాడు.

"ఒక్క గంట సార్," అన్నాడు క్లైడ్. "పెద్దాయన్ని చూసి వచ్చేద్దాం. నేనెవరికీ చెప్పను."

"నువ్వు చెప్పవు. ఈ హారన్లు కొట్టేవాళ్ళు ఊరుకుంటారా? నా కాలు ఆ బోర్డు దాటడం ఆలస్యం, అక్కడ లోర్నా కలం మూత తీస్తుంది."

"తీస్తే తియ్యనివ్వండి సార్. మళ్ళీ కొట్టేద్దురుగానీ."

"ఓట్ల ముందు ఇంకోసారి నవ్వులపాలైతే నేను గెలుస్తానట్రా? తిప్పు బండి."

క్లైడ్ తిప్పాడు. ఆర్లో మాత్రం వెనక అద్దంలోంచి ఆ కిటికీలు కనిపించినంతసేపూ చూస్తూనే ఉన్నాడు.

ఆదివారం ఎమ్మెట్ పోయాడు. మంగళవారం ఆర్లో గెలిచాడు, అదీ మామూలు మెజారిటీతో కాదు. ఆఖరి రోజుల్లో మనిషే కనిపించని లోర్నాకి ఓటెవరు వేస్తారు?

గురువారం ఎమ్మెట్‌ని సొంతూరికి తెచ్చి, చర్చి వెనక తండ్రి పక్కనే పూడ్చారు. తర్వాత చర్చి కింది హాల్లో భోజనాలు. ఊళ్ళో ఆడవాళ్ళు వండి తెచ్చిన పందిమాంసమూ, బంగాళాదుంపలూ బల్లల మీద పెట్టారు. ఆర్లో చేతిలో పళ్ళెం ఉంది గానీ ఒకచోట నిలవలేకపోతున్నాడు. వచ్చినవాళ్ళు విచారంగా చెయ్యి నొక్కుతున్నారు, వెంటనే గెలిచినందుకు అభినందిస్తున్నారు.

మూలన వెల్మా పక్కన నల్ల గౌనులో లోర్నా కనిపించింది. కళ్ళు లోపలికి పోయాయి. మనిషి సగమైంది. ఓటమి బాగానే తగిలిందనుకున్నాడు ఆర్లో. తిన్నగా ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"గొంతు వచ్చిందా లోర్నా?"

వెల్మా లేవబోతే లోర్నా ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"నీ మూలంగా మా అన్న కడచూపు కూడా నాకు దక్కలేదు," అన్నాడు. గొంతు హాలంతా వినపడేలా లేచింది. పళ్ళేల చప్పుడు ఆగింది. "నేనా వంతెన దాటితే చాలు, ఆ క్షణమే నా కుర్చీ ఎక్కి కూర్చునేదానివి. కాదని చెప్పు!"

లోర్నా తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"ఎలా ఎక్కుతాను ఆర్లో, వంటింట్లో దీపమైనా ఆర్పకుండా వెల్మా కారెక్కి పరిగెత్తినదాన్ని, ఎమ్మెట్ కన్ను మూసేదాకా నది అవతల అతని మంచం పక్కనే ఉన్నాను కదా?"