గురువారం కుట్టుక్లాసు

"అదో, ఎక్కుతా ఉండాది!" చౌడప్ప టీ గ్లాసు పక్కన పెట్టి గుసగుసలాడాడు.

వై.ఎన్.హొసకోటలో విత్తనాల అంగడి పక్క మెట్లెక్కి రంగక్క మాయమైంది. ఎదురుగా టీకొట్టులో చౌడప్ప పక్కన కూర్చున్న ఆమె భర్త ఆదినారాయణప్ప చొక్కా సర్దుకున్నాడు. దానికి నడిమి గుండీ లేదు.

"గురువారమైతే చాలు, కుట్టుక్లాసంటాది. నా గుండీ మాత్రం ఊడినట్లే ఉండాది, చూడప్పా!"

"కుట్టూ లేదు, గిట్టూ లేదు. పైన లాయరుంటాడు. విడాకులు!"

"ఊరుకోరా! పైన లాయరెవరూ లేరు."

"నీకెట్ల తెలుసు?"

"బోర్డు యాడుండాది?" అన్నాడే గానీ ఆదినారాయణప్ప చూపు ఆ మెట్ల మీదే ఉంది.

పొలం సోలార్ పార్కుకు కౌలుకిచ్చినప్పటి నుంచి చేతికి పని లేదు. పప్పులో ఉప్పు మొదలు పక్కింటి కోడి దాకా అన్నిటికీ రంగక్క మీదే అరిచేవాడు. ఈమధ్యే కాస్త తగ్గింది.

"నువ్వు మంగళవారం సోలార్ ఆఫీసుకు, ఆయక్క గురువారం ఈడికి. బాగుండాదిప్పా మీ కాపురం!"

"అది పోతే నేను బతకలేనురా!"

ఆదినారాయణప్ప రోడ్డు దాటి చీకటి మెట్లెక్కాడు. వెనకే చౌడప్ప. మలుపులో ఆదినారాయణప్ప తల వంచాడు. చౌడప్ప వంచలేదు. దూలం ఠప్పుమంది.

"సచ్చినాన్రా నాయనా!"

ఆ చప్పుడుకు పైనున్న యువతి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"లాయరమ్మవా?" నుదురు పట్టుకునే అడిగాడు చౌడప్ప.

"కాదన్నా, కౌన్సెలర్ని. మనసులో బరువుంటే ఒక్కొక్కరే వచ్చి చెప్పుకుంటారు."

"పిచ్చోళ్లా?"

"పిచ్చి పట్టిందాకా ఎందుకు ఆగేది? నిద్ర రాకున్నా, ఊరికే కోపమొస్తా ఉన్నా రావచ్చు. ఈడ చెప్పింది మొగుడికీ చెప్పను, పెండ్లానికీ చెప్పను."

ఆమె తనవంకే చూస్తుంటే చౌడప్పకు గుబులు పుట్టింది. "వద్దు తల్లీ, నన్నూ కూర్చోబెట్టేటట్లుండావు!" తల తడుముకుంటూ దిగిపోయాడు.

ఆదినారాయణప్ప కదల్లేదు. మూసిన తలుపు వైపు చూస్తూ నెమ్మదిగా అడిగాడు. "అది నన్నొదిలేస్తాదామ్మా?"

ఆమె కిందికి తొంగి చూసింది. చౌడప్ప రోడ్డు మీదున్నాడు. అప్పుడు గొంతు తగ్గించింది.

"మంగళవారం మీ వంతులో మాట్లాడదామన్నా."