నిర్దోషి ముజీబ్

సైనిక కోర్టు ముజీబ్‌ను నిర్దోషి అన్నదని తెలియగానే తైజ్ పట్నంలో మా వీధంతా అతని తల్లి నజీబా ఇంటికొచ్చింది. టెర్రరిస్టని వాణ్ణి పరాయి సైన్యం సముద్రాల అవతలి దీవి జైలుకు పట్టుకుపోయేనాటికి మీసం కూడా రాలేదు. ఆవిడ అందరికీ తేనె రొట్టె పంచుతోంది.

అంతలో ముజీబ్ లాయరు ఫోన్ చేశాడు. ఆవిడ అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది.

"ఎప్పుడొస్తాడు నాయనా?"

"తీర్పు వేరు, విడుదల వేరు తల్లీ. యుద్ధం అయ్యేదాకా శత్రువును ఉంచుకుంటామంటోంది సైన్యం."

"వాడెవరికి శత్రువు? యుద్ధం ఎప్పటికవుతుంది?"

"ఎవరూ చెప్పలేరు. దీన్ని అంతర్జాతీయ చట్టం ఒప్పుకోదని మొత్తుకున్నాను. వినే నాథుడు లేడు."

"మరి వాడి పక్క గదిలో ఉండేవాడు? నేరం ఒప్పుకున్నాడటగా?"

"శిక్ష వేశారు, పూర్తయింది. మొన్న ఇంటికి పంపేశారు."

వీధి జనం నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. నజీబా ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది.

"చెయ్యని నేరం ఒప్పుకోవద్దని వాడిచేత ఒట్టేయించుకున్నది నేనే. ఆ ఒట్టు తీసేశానని చెప్పు నాయనా. అన్నీ వాడే చేశాడని రాసుకోమను."

"ఇక కుదరదమ్మా," అన్నాడు లాయరు. "నిర్దోషని తేలిపోయిందిగా."