చుక్కరాయి

“ఒక్కటంటే ఒక్కటి నిజమైన చుక్కరాయని తేలినా నేను నోరెత్తను మే. తేలకపోతే మాత్రం ఈ బకెట్టు మొత్తం సముద్రంలోకే! మళ్లీ అయస్కాంతం పట్టుకుని ఇసక మీదికి పోయినావంటే నా మీద ఒట్టే!” అంది పోలేరమ్మ.

“సరే మా,” అంది కూతురు రోజారమణి.

మైపాడు తీరమంతా ఎండనకుండా తిరిగి ఏరుకొచ్చిన ఇనపరాళ్లవి. ఆకాశం నుంచి పడిన చుక్కరాయి ఒక్కటి చూపించినా, అలాంటి రాళ్లను వెతికే తన బృందంలో రోజారమణిని చేర్చుకుంటానని మ్యూజియం నుంచి వచ్చిన ఉషారాణి మాటిచ్చింది.

పోలేరమ్మ భయం పోలేరమ్మది. పైనుంచి రాలిన రాయి ఇంట్లో ఉంటే పిల్లకు ఒళ్లంతా బొబ్బలు లేస్తాయో, కప్పు మీద పిడుగే పడుతుందో! అందుకే బకెట్టును గడప దాటి లోపలికి రానివ్వలేదు.

ఉషారాణి వాకిట్లో కూర్చుని, ఒక్కో ముక్క అంచును ఆకురాయితో గీసి, మందులో తడిపిన దూదితో రుద్దింది.

“ఇందులో నికెల్ ఉంటే దూది గులాబి రంగుకు తిరగాలమ్మా.”

దూది తెల్లగానే ఉంది.

“ఇది పడవ మేకు. ఇది ఇనుము కరిగించిన బట్టీలో మిగిలిన చిట్టెం. ఇదీ అంతే...”

చివరి ముక్కా పక్కకు పోయింది.

“చూసినావా మే? దేవుడు నా మొర ఆలకించినాడు!” పోలేరమ్మ రాళ్లన్నీ బకెట్టులోకి ఎత్తి లేవబోయింది.

రోజారమణి గోడకు ఆనుకుని కూలబడింది. చెయ్యి పట్టుకుంటే మంచుముక్క.

పోలేరమ్మ సంబరం కాస్తా ఎగిరిపోయింది.

“అయ్యయ్యో, బిడ్డ దడుసుకునింది! ఏ గాలి సోకిందో!”

బకెట్టు అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తింది. నూనెగుడ్డలో చుట్టిన నిమ్మకాయంత నల్లటి ముద్ద తెచ్చి కూతురి గుప్పిట్లో కుక్కింది.

“గట్టిగా పట్టుకో తల్లీ. ఇనుముంటే ఏ పీడా నీ జోలికి రాదు.”

గుడ్డ జారింది. ముద్ద మీద బొటనవేలితో నొక్కినట్టు గుంతలు. ఉషారాణి చటాలున అందుకుంది.

“ఇదెక్కడిదమ్మా?”

“వాళ్ల నాయన సరుగుడు మొక్కలకు గుంత తవ్వతా ఉంటే దొరికింది.”

అంచు గీసింది. దూదితో రుద్దింది. దూది గులాబిరేకులా రంగు తిరిగింది!

“ల్యాబులో కోసి చూడాల్సిందే గానీ, ఇది చుక్కరాయే, నాకు అనుమానం లేదు. రోజారమణీ, బట్టలు సర్దుకో!”

రోజారమణి కేకకు వీధి వీధంతా బయటికొచ్చింది. తల్లిని ఎత్తి గిరగిరా తిప్పేసింది.

“గెలిచినా మా! ఇన్నాళ్లూ దీన్ని యాడ దాచినావు?”

పోలేరమ్మ మొహం పాలిపోయింది.

“నీ తలకిందనే మే... పుట్టిననాటి నుంచి, నీకేమీ కాకూడదని.”