రోట్లో నీళ్ళు

"ఆ కాగితం నా గోడకు అంటిస్తే బాగుండదు. ముందే చెప్తాండాను," అన్నాడు గోవిందస్వామి, గేటుకు అడ్డంగా రెండు చేతులూ చాచి.

ఎర్ర స్టిక్కర్ పట్టుకున్న కలీం ఒక అడుగు వెనక్కి వేశాడు. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా కుప్పం నుంచి మదనపల్లెకు బదిలీ మీద వచ్చి రెండు రోజులే అయింది. వీధిలో అడుగుపెట్టిన మొదటి రోజే ఇలాంటి ఇల్లు తగులుతుందని అతననుకోలేదు. అడ్డం నిలబడ్డది మామూలు మనిషా? ఊళ్ళో సగం మందికి లెక్కలు చెప్పిన రిటైర్డ్ హెడ్మాస్టరు.

రేవతి మేడమ్ మాత్రం కదల్లేదు. ఊరి తాగునీరు, మురుగు, దోమల పని అంతా ఆమె అజమాయిషీలోనే నడుస్తుంది. ఆమె చేతిలో గరిటె ఉంది. గరిటెలో, ఆ ఇంటి పెరట్లోని పాత రోట్లోంచి ముంచిన నీళ్ళు. ఆ నీళ్ళలో దోమపిల్లలు తోకలాడిస్తూ హాయిగా ఈదుతున్నాయి.

"చూడండి. పదికి తక్కువ లేవు," అంది.

"పిట్టలు తాగుతాయని పోసినాను. అదీ తప్పేనా?"

"పోసేది తప్పు కాదు. వారం దినాలు మార్చకుండా వదిలేసేది తప్పు."

మూడు వారాల కిందట ఆమె పెట్టిన పద్ధతి అది. ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి పేరివ్వాలి. శుక్రవారం శుక్రవారం డ్రమ్ములు, తొట్లు వంచి, తుడిచి ఆరబెట్టే పూచీ ఆ మనిషిదే. ఇంట్లో దోమపిల్ల దొరికిందా, ఆ పేరు రాసిన ఎర్ర స్టిక్కర్ వారం పాటు గేటు పక్కన ఉంటుంది. జరిమానా లేదు, కేసు లేదు. పేరు ఒక్కటే. దానికే వీధి వీధంతా హడలిపోతోంది.

గేటు ముందు అప్పటికే పదిమంది పోగయ్యారు. అందరికంటే ముందు అదే వీధిలో ఉండే అలావుద్దీన్, చేతులు కట్టుకుని.

"మా యింటికైతే రెండు నిమిషాల్లో అంటించిరి మేడం," అన్నాడు. "మా యింటామె ఖైరున్నీసా పేరు వారమంతా పోయేటోళ్ళూ వచ్చేటోళ్ళూ సదివిరి. సిగ్గుతో ఆమె వాకిట్లోకే రాలేదు. ఈ యింటికి ఏం సేస్తారో సూస్తామనే వచ్చినాం."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

కలీం మేడమ్ పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. "పెద్దాయన మేడం. రోలు కడిగించి, నోటిమాటతో చెప్పిపోదాం. యాల మనకు తగాదా?"

"పక్క సందులో ఇద్దరు పిల్లోళ్ళు డెంగీతో ఆస్పత్రిలో ఉండారు, కలీం. ఈ ఇంటిని వదిలితే రేపట్నించి ఏ ఇల్లూ మనకు తలుపు తియ్యదు."

అలావుద్దీన్ మొహం చూస్తే అది నిజమేననిపించింది. ఇంత చాకిరీ ఈ ఒక్క గేటు దగ్గర నీళ్ళపాలయ్యేట్టుంది.

గోవిందస్వామి స్వరం మారింది. కోపం పోయి బతిమాలుతున్నట్టుగా అన్నాడు. "నా గురించి కాదమ్మా. ఈ యింటి పరువు ఏమైతాది? నలుగురూ నవ్వుతారు. రేపు ఆఫీసుల్లో చెప్పుకుంటారు."

"నవ్వనీండి. చెప్పుకోనీండి."

"నీకు మనసెట్లా వస్తాదమ్మా?"

"రాదు," అంది ఆమె. "అయినా అంటిస్తాను."

ముసలాయన మెల్లగా చేతులు దించి, గేటు పక్కకు జరిగాడు. "సరే, కానివ్వు," అన్నాడు.

కలీం స్టిక్కర్ అంటించి, అంచులు లేవకుండా అరచేత్తో అదిమాడు. గర్వంతో ఛాతీ ఉబ్బింది. పదకొండేళ్ళ సర్వీసులో పెద్ద గేట్ల దగ్గర నీళ్ళు నమిలి వెనుదిరిగిన ఆఫీసర్లను ఎంతమందిని చూశాడో. ఇలాంటి మనిషి కింద పనిచేస్తున్నానని ఇంటికి ఫోన్ చేసి చెప్పుకోవాలనిపించింది.

అలావుద్దీన్ కట్టుకున్న చేతులు విప్పాడు. "ఇంక మా వీధిలో ఎవరన్నా నోరెత్తితే నన్నడగండి మేడం. శుక్రవారం డ్రమ్ములు నేనే దగ్గరుండి తుడిపిస్తాను." ఈసారి వెనక ఎవరూ నవ్వలేదు.

కలీం మార్కర్ మూత తీశాడు. "ఈ యింటి నుంచి పేరిచ్చినోళ్ళెవురు?"

గోవిందస్వామి గబుక్కున ముందుకొచ్చాడు. "నా పేరు రాయప్పా. నీళ్ళు పోసింది నేను."

"పోసినోళ్ళది కాదు. శుక్రవారం చూసుకుంటామని పేరిచ్చి, చూసుకోనోళ్ళది రాయాల," అంది మేడమ్. "రేవతి అని రాయి."

కలీం రెండక్షరాలు రాసి ఆగిపోయాడు. "అది మీ పేరు గదా మేడం?"

హెడ్మాస్టరు తల ఎత్తి, వీధి చివరిదాకా వినబడేట్టు అన్నాడు. "ఆయమ్మ పేరేనప్పా. దూరం నుంచి కూడా కనబడేట్టు పెద్దగా రాయి. మా కోడలు."