చుక్కమ్మ నోటిలో చోటు

ఎండలకు కుంట అడుగంటిన కాలమది. మోకాటి లోతు నీళ్లలో చుక్కమ్మ అనే జిలేబి చేప బిక్కుబిక్కుమంటూ బతికేది. పిల్లల్ని నోట్లో దాచుకుని పెంచే జాతి దానిది. కొంగ నీడ కనబడితే చాలు, పిల్లలన్నీ లోపలికి దూరేవి, తల్లి నోరు బిగించేది.

ఆ పూటా నీడ పడింది. చుక్కమ్మ నోరు మూసుకుని రాతి పక్కన నక్కింది. అంతలో దారి తప్పిన కొర్రమీను పిల్ల ఒకటి ఏడుస్తూ వచ్చింది.

“అత్తా, అత్తా! నన్నూ దాచవా?”

బురదలోంచి ముసలి జెల్ల చేప మీసం ఆడించింది. “ఏమే చుక్కా, దీని తల్లే కదే నీ తొలికాన్పు పిల్లల్ని మింగింది! రేపు పెరిగితే ఇదీ అంతే. నోరు తెరిచావో, నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నట్టు!”

కొంగ కాలు ఒకటి పక్కనే దిగింది.

నోట్లోంచి పిల్లలు అడిగాయి, “ఎవరమ్మా ఏడుస్తున్నది? చీకట్లో మాకేం కనబడటం లేదు.”

ఫలానా జాతిదని చెబితే, కళ్లతో చూడకముందే వాటికి పగ నేర్పినట్టు. చెప్పకపోతే, రేపు వాటి ప్రాణాలకు పూచీ ఎవరు?

రెండో కాలు దిగింది. చుక్కమ్మ నోరు తెరిచింది. కొర్రమీను పిల్ల దూరగానే మళ్లీ బిగించింది.

లోపల పిల్లల్లో పెద్దది అడిగింది, “ఎవరివి నువ్వు?”

కొర్రమీను పిల్ల పళ్ల పక్కకు ఒదిగిపోయింది. చెబితే గెంటేస్తారని దాని భయం.

“పోనీలే, తర్వాత చెబుదువు,” అంది చిన్నది. “ముందు ఇటు జరుగు, అక్కడ అమ్మ పళ్లు గుచ్చుకుంటాయి.”