పక్క సీటు బ్రేకు

“ఎర్రదే,” అంది ఆమె.

“తెల్లదే,” అన్నాడాయన.

షోరూములో ఆ రెండు కార్ల మధ్యా నిలబడ్డ సేల్స్‌మన్ ఇద్దరి మొహాలూ చూశాడు. చూసి, తాళాలు మాత్రం ఆయన చేతిలో పెట్టబోయాడు. “ఒక్కసారి నడిపి చూడండి సార్.”

“నడిపేది నేను.” ఆమె మధ్యలోనే తాళాలు అందుకుంది. “ఈయనకి డ్రైవింగ్ రాదు.”

ఊళ్లో సగం మందికి కారు నేర్పింది ఆమే. డ్రైవింగ్ స్కూల్లో రోజంతా పక్క సీట్లో కూర్చుని, కొత్తవాళ్ల వంకర టింకర తిప్పుళ్లన్నీ భరించే ఉద్యోగం. ఇన్నాళ్లకి తనకంటూ ఒక కారు కొనుక్కుంటోంది. ఆయనది కళ్లజోళ్ల షాపు. ఊరందరి చూపూ సరిచేస్తాడు గానీ, భార్య పక్కన కూర్చుంటే మాత్రం ఎక్కడో అవతలి మలుపులో ఉన్న లారీ కూడా ముక్కు మీదకి వచ్చేసినట్టే ఉంటుంది ఆయనకి. ఇక ‘బ్రేకు, బ్రేకు!’ అని ఒకటే కేకలు.

“ఇది అగ్గిపెట్టెలా ఉంది. తెల్లది చూడు, ఎంత దిట్టంగా ఉందో! ఎవడైనా వచ్చి గుద్దినా చెక్కు చెదరదు.”

“ఎవరూ గుద్దకుండా నడపడమే కదండీ నా పని? మన సందులో ఆ ఏనుగుని తిప్పాలంటే ఎదురింటివాళ్ల గోడ పడగొట్టాలి.”

“అంటే నా మాటకి విలువ లేదన్నమాట.”

“ఎందుకు లేదు? ఇంట్లో విన్నాను, దారంతా విన్నాను, ఇక్కడా వింటున్నాను. కొనేది మాత్రం ఎర్రదే.”

“మీరిద్దరూ మాట్లాడుకుంటూ ఉండండి, నేను కాఫీ చెప్పి వస్తా...” సేల్స్‌మన్ మెల్లగా జారుకోబోయాడు.

“మాటలు అయిపోయాయి బాబూ. ఎర్రదానికి బిల్లు రాయి.”

నలుగురి ముందూ తల కొట్టేసినట్టయింది ఆయనకి. మొహం జేవురించింది. “కొనుక్కో! ఆ కారులో నేను కాలు పెడితే ఒట్టు!”

కారు తలుపు మీద ఉన్న ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఒంటరిగా తిరగడానికి కాదు ఆమె కారు కొంటున్నది. పక్కన ఆయన ఉండాలి. అద్దాలు దించుకుని, కబుర్లు చెప్పుకుంటూ ఎటైనా వెళ్లాలి. కాకపోతే ఆ కేకలు ఉండకూడదు. రెండూ కావాలి ఆమెకి. ఏ ఒక్కటి వదులుకోమన్నా ఒప్పుకునే ఘటం కాదు.

“ఏం చేస్తే కూర్చుంటారు?”

ఆయన గడ్డం నిమురుకున్నాడు. “మీ స్కూలు కారులో నీ కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది చూడు. నేర్చుకునేవాడు తడబడితే నువ్వు తొక్కడానికి. అలాంటిది నా వైపు పెట్టించు. అప్పుడు కూర్చుంటా.”

సేల్స్‌మన్ నోరు వెళ్లబెట్టాడు. “సొంత కారుకి అలాంటివి ఎవరూ పెట్టించరు సార్...”

“పెట్టిస్తాను,” అంది ఆమె.

ఆయనకే నమ్మబుద్ధి కాలేదు. “నిజంగా?”

“నిజంగానే. మా స్కూలు మెకానిక్ ఉన్నాడుగా. కానీ కాలి కింద బ్రేకు పెట్టుకుని మళ్లీ నోటితో అరిస్తే ఊరుకోను. తొక్కాలనిపిస్తే తొక్కండి, అంతే.”

“బ్రేకు ఉంటే ఇక గొంతు చించుకోవాల్సిన ఖర్మేంటి నాకు!” అన్నాడాయన. ఎర్ర కారు చుట్టూ ఒకసారి తిరిగి, రంగు మరీ అంత బాగోకపోలేదని కూడా ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. ఆయన కాళ్ల దగ్గర కొత్త పెడల్ తళతళలాడుతోంది. పెళ్లికొడుకులా సర్దుకుని కూర్చున్నాడు. ముందు వెళ్తున్న బస్సు వెనక బ్రేకు దీపాలు వెలిగాయి. ఆయన పెడల్ అదిమాడు. కారు నెమ్మదించింది. ఆయన పెదవి విప్పలేదు గానీ, తల మాత్రం ఠీవిగా పైకి లేచింది. మార్కెట్ మలుపులో ఉన్నట్టుండి ఒక కుక్క అడ్డం వచ్చింది. ఆయన రెండు కాళ్లతోనూ తొక్కేశాడు. కారు కుక్కకి జానెడు దూరంలో ఆగింది. కుక్క తాపీగా ఇద్దర్నీ చూసి తన దారిన తాను పోయింది.

“చూశావా! నేను తొక్కబట్టి సరిపోయింది.” ఆయన చెమట తుడుచుకున్నాడు.

“అవునండీ,” అంది ఆమె.

ఊరి చివర వంతెన దాకా వెళ్లి వచ్చారు. ఒక్క కేక లేదు. వచ్చేటప్పుడు ఆయన కూనిరాగం కూడా తీశాడు. ఆమెకి ప్రాణం హాయిగా ఉంది.

ఇంటి ముందు దిగీ దిగగానే, బావమరిదికి ఫోన్ చేసి కుక్క సంగతి చెప్పాలని ఆయన గబగబా మెట్లెక్కాడు. గేటు దగ్గర స్కూలు మెకానిక్ ఎదురుచూస్తున్నాడు. వాడి చేతిలో గుడ్డలో చుట్టిన ఇనప కడ్డీ ఒకటి ఉంది.

“మేడమ్, ఇది...”

“ఏంటట?” పైనుంచి ఆయన కేకేశాడు.

“మీ బ్రేకు ఎలా పనిచేస్తోందని అడుగుతున్నాడండీ!”

“బ్రహ్మాండంగా ఉందని చెప్పు!”

మెకానిక్ మొహం తెల్లబోయింది. గొంతు తగ్గించి, “పనిచేయడమేంటి మేడమ్? మీరు పెడల్, స్ప్రింగు బిగించి వెళ్లమన్నారు. దాన్ని మీ వైపు బ్రేకుకి కలిపే కడ్డీ ఇదిగో, నా చేతిలోనే ఉంటే!” అన్నాడు.

ఆమె కారు తాళం వేసి, తాళాలు వేలికి తిప్పుకుంటూ అంది: “అది నీ చేతిలో ఉన్నంత కాలం బాగానే పనిచేస్తుంది. జాగ్రత్తగా దాచిపెట్టు.”