కోయని పేజీలు

"అక్కా, ముందు మీరంతా చదివే ఆ నవల పొయ్యిలో పెట్టు. బావని ఆఫీసు నుంచే పోలీసులు తీసుకెళ్లారు," అన్నాడు తమ్ముడు రొప్పుతూ.

ఆమె బల్ల మీది నవల చేతిలోకి తీసుకుంది. "పాత నవలల గురించి చెప్పుకునే నలుగురం. ఫోన్లన్నీ ఆపేశాకే నోరు విప్పుతాం. మా మాటలు ఎవరు విన్నారురా?"

"ఫోన్లు ఆపాలని ఎవరు చెప్పారు?"

ఆమె పుస్తకం చూపించింది. ఇంటింటికీ తీగ లాగి సర్కారు అందరి మాటలూ వినే ఊరి కథ, వందేళ్ల నాటిది. "ఇందులో ఒకడు తన ఇంటి తీగ తెంపుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. అక్కడిదాకా చదివి, బావతో సహా అందరి చేతా చదివించాను."

"చివర ఏమైంది?"

"చివరి పేజీలు, అచ్చయినప్పటి నుంచీ అంచులు కోయకుండా మడతల్లోనే ఉన్నాయి. మంచే జరిగి ఉంటుందిలే అని మేమెవరమూ విప్పలేదు."

తమ్ముడు వేలు దూర్చి మడత చించాడు. చదివి, చివరి వాక్యం మీద వేలు పెట్టి ఆమెకిచ్చాడు.

ఊరంతా చప్పుడు చేస్తుంటే, ఏ ఇల్లు మూగబోయిందో వెతుక్కుంటూ వచ్చారు సర్కారు మనుషులు, అని ఉంది అందులో.

"మా మాటలు కాదురా," అంది ఆమె. "మేం ఫోన్లు ఆపడమే పట్టించింది."

తమ్ముడు జేబులోంచి తన ఫోను తీసి చూశాడు.

"నీ దగ్గరికి వస్తున్నట్టు తెలియకూడదని, బయల్దేరేముందు నేనూ ఆపేశానక్కా."